గాలం లేని పడవ

"చేపలు పట్టడం గురించి మీరేం రాస్తారండీ?" అని మా ఆవిడ ముందుగానే హెచ్చరించింది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మాది గోదావరి ఒడ్డున ఊరే. అయినా చేప అనే పదార్థం గంపలోంచి మా పెరట్లో కత్తిపీట మీదికీ, అక్కణ్ణించి పులుసులోకీ రావడం తెలుసుగాని, నీళ్ళలోంచి గంపలోకి ఎల్లా వస్తుందో నలభై అయిదేళ్ళు వచ్చిందాకా నేను కనుక్కున్న పాపాన పోలేదు. పాఠం చెప్పేటప్పుడు మాత్రం వల, గాలం, మావు అని గడగడా అర్థాలు చెప్పేస్తాను. పిల్లలు గడగడా రాసేసుకుంటారు. అంతటితో మా ఉభయులకూ చేపలు పట్టడం వచ్చేసినట్టే.

అల్లాంటివాణ్ణి, పనిగట్టుకొని భూమి ఉత్తరపు కొసదాకా వెళ్ళి, చేపలు పట్టగూడదన్న నది మీద, గాలం లేని పడవలో కూచుని వచ్చాను. ఈ వారం ఆ సంగతి చెపుతాను.

మా తమ్ముడు ఫిన్లండు దేశంలో ఔలు అనే పట్నంలో ఎనిమిదేళ్ళ నించీ ఉద్యోగం చేస్తున్నాడు. 2023లో మమ్మల్నిద్దర్నీ రప్పించుకున్నాడు. మన ఎండాకాలానికీ వాళ్ళ ఎండాకాలానికీ పొంతన కుదరదు. మనకు ఆషాఢపు ముసురు పట్టే వేళకి వాళ్ళకు ఎండ కాస్తుంది. అందుకని కాలేజీకి సెలవు పెట్టి జూలైలో వెళ్ళాం. వెళ్ళిన నాలుగోనాడు తమ్ముడు, "అన్నయ్యా, పట్నాలు చూపించడానికి ఎవడైనా దొరుకుతాడు. నిన్నొక నది దగ్గరికి తీసుకుపోతాను" అన్నాడు.

నది కోసం అక్కడిదాకా పోవాలా, మనకు లేవా నదులు, అని నాకు లోపల అనిపించింది. కాని వాడు కారు తీశాడు. రెండు రోజుల ప్రయాణం. దాదాపు ఏడువందల కిలోమీటర్లు ఉత్తరంగా, ఇంకా ఉత్తరంగా. దారి పొడుగునా పైను చెట్ల అడవులు. పోగా పోగా ఆ చెట్లు పొట్టివై, పలచబడి, చివరకు మనిషెత్తు భూర్జవృక్షాలు మిగిలాయి. రోడ్డు మధ్య మన ఆవులు నిలబడ్డట్టే అక్కడ రెయిన్‌డీర్లు నిలబడతాయి. హారను కొడితే మన ఆవులకు మల్లేనే ఒకసారి తిరిగి చూసి మళ్ళీ నెమరు వేసుకుంటాయి. ఆ ఒక్క విషయంలో మాత్రం నాకు పరాయిదేశంలో ఉన్నట్టనిపించలేదు.

రెండోనాడు సాయంత్రానికి ఉట్స్‌యోకి అనే ఊరు చేరాం. సాయంత్రమని గడియారం చూసి అంటున్నానుగాని, ఆకాశం చూసి కాదు. మే నెల మధ్య నించి జూలై ఆఖరుదాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. రాత్రి పన్నెండు గంటలకు కూడా కొండ మీద ఇంత ఎత్తున నిలబడి మన మొహంలోకి చూస్తూ ఉంటాడు. "మరి సందెదీపం ఎప్పుడు పెట్టుకోవాలి?" అని మా ఆవిడ అడిగింది. తెలుగు ఎమ్మేలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. "నీ ఇష్టం వదినా, నేను ఎనిమిదేళ్ళ నించీ పెట్టడంలేదు" అన్నాడు తమ్ముడు. ఆవిడ వాడి వంక చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

ఊరి పక్కనే నది. ఫిన్లండువాళ్ళు దాన్ని టేనో అంటారు. అవతల ఒడ్డు నార్వే దేశం. వాళ్ళు టానా అంటారు. ఈ రెండు దేశాలూ పుట్టకముందు నించీ రెండు ఒడ్డులా కాపరం ఉంటున్న సామీ జనం దాన్ని డెయట్ను అంటారు. అంటే మహానది అని అర్థమట. మన పల్లెల్లో పెద్దేరు అన్నట్టు. పైనున్న పాయతో కలుపుకొని పొడవు 360 కిలోమీటర్లు. 1465 కిలోమీటర్ల గోదావరి చూసినవాడికి ఇదేపాటి మహానది అనిపించవచ్చు. కాని ఎవరి ఏరు వారికి పెద్దదే గదా!

ఆ నది మధ్యనించి పోతుంది రెండు దేశాల సరిహద్దు. దాన్ని 1751లో గీశారు. అప్పుడు ఒక ఒడ్డు డెన్మార్కు రాజుగారిది, రెండో ఒడ్డు స్వీడను రాజుగారిది. తరవాత ఇవతలి ఒడ్డు 1809లో రష్యా చక్రవర్తి చేతికి పోయింది. 1917లో ఫిన్లండు స్వతంత్రమయింది. అవతలి ఒడ్డు 1814లో డెన్మార్కు చెయ్యి జారి స్వీడను చేతిలో పడి, 1905లో వేరుపడి నార్వే అయింది. ఒడ్డులు ఇన్ని చేతులు మారినా నది మారలేదు. అవతలి ఒడ్డున పిల్లనిచ్చి ఇవతలి ఒడ్డున కోడల్ని తెచ్చుకునే సామీ కుటుంబాలూ మారలేదు. 1993లో ఉట్స్‌యోకి దగ్గర వంతెన కట్టారు. దానిమీద అవతలికి నడిస్తే గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి. మేము ఇవతల రాత్రి పన్నెండు కొట్టాక బయలుదేరి, అవతల పదకొండున్నర కాకుండానే చేరాం. పోయిన కాలం తిరిగి రాదంటారే, అక్కడ వంతెన దాటితే ఒక గంట వస్తుంది. నాకు తరవాత తెలిసింది, ఆ నది మీద ఇంతకంటె పెద్ద కాలం పోతున్నదనిన్నీ, అది ఏ వంతెన దాటినా వచ్చేది కాదనిన్నీ.

తమ్ముడి ఆఫీసు స్నేహితుడి ద్వారా నది ఒడ్డున ఒక సామీ పెద్దాయన ఇంట్లో బస కుదిరింది. ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి. భార్య, కూతురు, అల్లుడు, తొమ్మిదేళ్ళ మనమరాలు, అయిదేళ్ళ మనమడు. ఆయన సామీలో ఆలోచించి ఫిన్నిషులో చెపితే, మా తమ్ముడు దాన్ని తెలుగు చేసేవాడు. మధ్యలో ఎంత కారిపోయిందో భగవంతుడికి తెలియాలి. కాని మిగిలిందే నాకు చాలా అయింది.

మొదటిరాత్రి ఆయన చేపను గురించి చెప్పాడు. సాల్మను అనే చేప. వాళ్ళ భాషలో లువొస్సా. ఇది నదిలో గులకరాళ్ళ కింద గుడ్డుగా పుడుతుంది. మూడు నాలుగేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన్నీ, జానెడు చేపగా పుట్టింట్లోనే పెరుగుతుంది. అప్పుడు సముద్రానికి పోతుంది. ఏడాదో, రెండో, నాలుగో అక్కడ తిని బలిసి, తిరిగి పుట్టిన ఏటికే వస్తుంది. నీటి వాసన పట్టుకొని వస్తుందట. డెయట్నులో కలిసే చిన్న ఏళ్ళు ఎన్నో ఉన్నాయి. ఏ ఏట్లో పుట్టింది ఆ ఏటికే పోతుంది. అందుచేత చూడడానికి అన్నీ సాల్మనులే అయినా, లోపల సుమారు ముప్పై వేరువేరు కుదుళ్ళున్నాయని శాస్త్రజ్ఞులు తేల్చారు. నదిలోకి వచ్చింది మొదలు అది ఆహారం ముట్టదు. ఉపవాసంతో, ఎదురు నీటిలో, రాళ్ళ మీదినించి ఎగురుకుంటూ పుట్టింటికి పోతుంది. వింటూ ఉంటే తీర్థయాత్ర అనిపించింది నాకు.

అల్లాంటి చేప వెంట బతికిన జనం కనక, దానికి వాళ్ళు పెట్టుకున్న మాటలు చూడండి. ఒక్క ఏడాదే సముద్రంలో ఉండి తిరిగొచ్చే చిన్నచేప దిద్ది. పెద్ద ఆడచేప దువొవ్వి. దవడ కొక్కెంలా వంపు తిరిగిన మగచేప గొవాజిన్. గుడ్లు పెట్టి, చలికాలమంతా మంచు కింద నదిలోనే గడిపి, చిక్కి సగమై వసంతంలో సముద్రానికి దిగేది వువొర్రు. ఇంగ్లీషు వచ్చినవాడు సాల్మను అని ఊరుకునేచోట వీళ్ళు ఆడో మగో, చిన్నదో పెద్దదో, పోతున్నదో వస్తున్నదో, అన్నీ ఒక్క మాటలో చెప్పేస్తారు.

పట్టే పద్ధతులూ అంతే. వసంతంలో మంచు పగిలి కొట్టుకుపోగానే ఇద్దరు మనుషులు పడవలో వెళ్ళి ప్రవాహంలో వల వదిలి, వలతోపాటు తామూ తేలుకుంటూ దిగువకు పోతారు. అది ఒకటి. నీళ్ళు తగ్గాక భూర్జ కొయ్యలు ముక్కాలిపీటల్లా కట్టి, ఒడ్డునించి నదిలోకి దడిలాగా నిలబెట్టి, దాని చివర వల పెడతారు. దాన్ని బువొద్దు అంటారు. మన చెరువుల తూముల దగ్గర మావు పెట్టడం చూసినవాళ్ళకి కొంత ఊహకందుతుంది. మూడోది తెడ్లు వేసి గాలంతో పట్టడం. సన్నని పొడుగాటి చెక్కపడవ. ఒకరు తెడ్లు వేస్తారు, రెండోవారు గాలం పట్టుకుంటారు. పడవ దిగువకు జారిపోనివ్వకుండా, ఎగువకు పోకుండా, ఒడ్డునించి ఒడ్డుకు అడ్డంగా నేతగాడి కండెలాగా తిప్పాలి. అప్పుడు గాలం ఎర బతికిన చేపలాగా ఆడుతుంది. తెడ్లు వేసేవాడిదే విద్యంతా. గాలం పట్టుకునేవాడు ఒట్టి చుట్టమే.

ఈ నదిలోనే 1928లో నార్వే వైపు హెన్రిక్ హెన్రిక్సెన్ అనే ఆయన గాలంతో దాదాపు 36 కిలోల సాల్మనును పట్టాడు. అట్లాంటిక్ సాల్మనుల్లో గాలానికి పడ్డవాటిలో అంత పెద్దది మరొకటి లేదని ప్రసిద్ధి. మంచి ఏళ్ళలో ఈ ఒక్క నదిమీద రెండువందల టన్నులకు పైగా సాల్మను పట్టేవారట. ఎండాకాలం వచ్చిందంటే దక్షిణాది పట్నాలనించి గాలాలు పట్టుకొని యాత్రికులు దిగేవారు. ఒడ్డున కుటీరాలన్నీ నిండిపోయేవి.

"మరి ఇప్పుడు?" అన్నాను.

ఆయన కిటికీలోంచి నదిని చూపించాడు. అర్ధరాత్రి ఎండలో బంగారపు రేకులాగా ఉంది. దానిమీద ఒక్క పడవ లేదు.

సాల్మను తగ్గిపోయింది. గుడ్లు పెట్టడానికి తిరిగొచ్చే పెద్ద చేపలు, నది నిలబడడానికి కావలసినన్ని రావడంలేదు. కారణం ఒక్కటి కాదు. వెనకటి రోజుల్లో మితిమీరి పట్టడం ఒకటి. సముద్రంలో మార్పులు ఒకటి. పోయిన పిల్లల్లో అక్కడే అంతరించేవి ఎక్కువై, తిరిగొచ్చేవి తక్కువైనాయి. 2017లో రెండు ప్రభుత్వాలూ కొత్త ఒడంబడిక చేసుకొని వేటను బాగా తగ్గించాయి. తమను సరిగా సంప్రదించకుండా తమ హక్కులు కోశారని సామీలు మొత్తుకున్నారు. ఆ వేసవిలోనే కొందరు నది మధ్యనున్న ఒక లంక మీద డేరా వేసి, ఈ చట్టం ఇక్కడ చెల్లదని ప్రకటించారు. చివరకు 2021లో రెండు ఒడ్డులా సాల్మను పట్టడమే పూర్తిగా ఆపేశారు. యాత్రికులకే కాదు, ఒడ్డున పుట్టినవాళ్ళకు కూడా. నేను వెళ్ళింది అది మూడో మూగ వేసవి.

పెద్దాయన ప్రభుత్వాన్ని తిడతాడేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు. "చేప తగ్గిన మాట నిజం. ఆ మాట మాకు కాగితం చూసి తెలియలేదు, వల చూసి తెలిసింది" అన్నాడు. "మమ్మల్ని అడిగితే మేమూ తగ్గించుకునేవాళ్ళమే. అడిగితే!"

2022లో ఫిన్లండు సుప్రీంకోర్టు ఉపనదుల్లో చేప పట్టిన ఉట్స్‌యోకి సామీల మీది కేసుల్లో, వాళ్ళు తప్పుచేయలేదని తీర్పు చెప్పింది. వాళ్ళ సంస్కృతి వాళ్ళకు రాజ్యాంగమిచ్చిన హక్కు అన్నది. ఆ సంగతి ఎత్తితే ఆయన నవ్వి, "కోర్టు మా పక్షం చెప్పింది. చేప మాత్రం కోర్టు పిలిస్తే రాదు" అన్నాడు.

వచ్చే చేప మరొకటి ఉంది. అదీ విచిత్రం. గులాబి సాల్మను అని పసిఫిక్ మహాసముద్రపు చేప. 1950లనాడు సోవియట్‌వాళ్ళు దాని గుడ్లు తెచ్చి వాయవ్య రష్యా నదుల్లో పెంచారు. అది అక్కణ్ణించి పాకింది. దాని ఆయుర్దాయం రెండేళ్ళే. గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. బేసి సంవత్సరాల్లో దండు కట్టి వస్తుంది. 2017 నించీ ఆ దండు మరీ పెరిగింది. మేము వెళ్ళిన 2023 అల్లాంటి ఏడే. నీళ్ళు లోతులేనిచోట మగవాటి గూనివీపులు కనిపించాయి. సొంత చేపను పట్టగూడదు. పిలవని చుట్టం ఇల్లంతా నిండిపోయింది.

ఆ రాత్రి భోజనానికి ఇంటావిడ చేప చారు పెట్టింది. పాలు, బంగాళాదుంపలు, సోపుకూరవంటి ఏదో ఆకు, మధ్య నారింజరంగు ముక్కలు. నాకు బాగానే ఉంది. "ఇది నదిలోదేనా?" అన్నాను, కొంచెం గుసగుసగా. ఆవిడ లేచి వెళ్ళి చెత్తబుట్టలోంచి ఒక ప్లాస్టిక్ కాగితం తీసి చూపించింది. నార్వే తీరంలో సముద్రపు పంజరాల్లో పెంచిన సాల్మను. కొట్లో కొన్నది. నది ఒడ్డున పుట్టి, నది వంకే చూస్తూ, కొట్లో కొన్న సాల్మను వండింది ఆ ఇల్లాలు. ఆవిడ ఏమీ అనలేదు. కాగితాన్ని మళ్ళీ మడిచి బుట్టలో వేసింది. ఆ మడవడం చూస్తే తెలిసింది నాకు.

ఇక నా వైభవం చెపుతాను.

రెండోనాడు నేను జేబులోంచి నోటుబుక్కు తీసి, పెద్దాయన చెప్పే మాటలన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. దిద్ది, దువొవ్వి, బువొద్దు... ఒక్కపూటలో అరవై దాకా అయినాయి. నది మెలికమెలికకీ, మడుగుమడుగుకీ, నీళ్ళు సుడి తిరిగే ప్రతి రాతికీ వేరేవేరే పేర్లున్నాయి. మా ఆనందం ఇంతా అంతా కాదు. తమ్ముడితో అన్నాను: "ఒరేయ్, ఆయన దిగులుపడనక్కర్లేదని చెప్పు. వేట ఆగినా మాటలు పోవు. ఇవన్నీ నిఘంటువులోకెక్కిస్తే శాశ్వతంగా ఉంటాయి."

తమ్ముడు చెప్పాడు. పెద్దాయన నా పుస్తకం అందుకొని తిరగేసి చూశాడు. తెలుగు అక్షరాలు గుండ్రంగా బాగున్నాయన్నాడు. తరవాత పుస్తకం మా ఆవిడ చేతికిచ్చి, నన్ను పడవలో కూచోమన్నాడు.

చెప్పేదేముంది! తెడ్లు నా చేతిలో పెట్టారు. అడ్డంగా తిప్పాలని నాకు తెలుసు. రాసుకున్నాను కూడాను. నేను ఎడమచెయ్యి లాగితే పడవ కుడికి పోయింది. కంగారుపడి కుడిచెయ్యి లాగితే గుండ్రంగా తిరిగింది. రెండూ కలిపి లాగితే ఒక తెడ్డు నీళ్ళని తప్పించుకొని వచ్చి నా మోకాలికి తగిలింది. ఒడ్డున మా ఆవిడ నోటుబుక్కు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎండ కోసం కాదని నాకు తెలుసు.

అప్పుడు పెద్దాయన మనమరాల్ని పిలిచాడు. ఆ పిల్ల నన్ను వెనక బల్ల మీదికి జరిపి, తెడ్లు అందుకుంది. పడవ ఒక్కసారి బుద్ధిమంతురాలయింది. తొమ్మిదేళ్ళ చేతులు. నీళ్ళని కొట్టవు, నిమురుతాయి. పడవ ప్రవాహం మీద అడ్డంగా, దిగజారకుండా, ఒడ్డునించి ఒడ్డుకు పోయింది. తాత ముందు కూచుని, ఉత్త చెయ్యి నీటివైపు చాపి, అందులో గాలపు కర్ర ఉన్నట్టే పట్టుకున్నాడు. మడుగు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల దాని పేరు చెప్పేది. తాత తల ఊపేవాడు. ఒకచోట పేరు తప్పు చెప్పింది. ఆయన తల ఊపలేదు. పిల్ల పడవను వెనక్కి తీసుకుపోయి, మళ్ళీ ఆ మడుగు దాటించి, సరిగా చెప్పింది.

గాలం లేదు. ఎర లేదు. చట్టం ఎక్కడా తప్పలేదు. ప్రతి సాయంత్రమూ ఇల్లాగే తీసుకుపోతాడట, చేప ఉన్నట్టే.

ఒడ్డుకు వచ్చాక ఆయన చెప్పాడు. పిల్ల ఆరేళ్ళప్పుడు, నది మూసేయకముందు ఆఖరి వేసవిలో, ఆయన వెంట పడవలో వచ్చి ఒక దిద్దిని చేత్తో పట్టుకుంది. దాని బరువు, చల్లదనం, తోక విదిలింపు ఆమెకు తెలుసు. మనమడికి అప్పుడు రెండేళ్ళు. వాడు సాల్మనును కొట్లో కాగితంలోనే చూశాడు. ఒకే తల్లి పిల్లలు. ఒకే ఇల్లు. మధ్యన నాలుగేళ్ళ ఎడం. ఆ ఎడంలోంచి ఒక విద్య జారిపోతున్నది.

"చేప మళ్ళీ వస్తుంది. ఓపికపడితే నది నిండుతుంది. పదేళ్ళు పట్టనీ" అన్నాడాయన. "వచ్చిననాడు దానికి ఎదురువెళ్ళడం తెలిసినవాడు ఒడ్డున ఒకడుండాలి గదా!"

నేను నా నోటుబుక్కు మా ఆవిడ దగ్గర తిరిగి తీసుకోలేదు.

ఆ సాయంత్రం మనమరాలు నన్నొక ప్రశ్న వేసింది. "మీ నదిలో సముద్రంనించి తిరిగొచ్చే చేప ఉందా?" అని. ఉత్సాహం వచ్చింది నాకు. ఎందుకు లేదు! పులస ఉంది. సముద్రంలో ఉన్నప్పుడు విలస. వానాకాలం వరద ఎర్రనీళ్ళు సముద్రంలో కలవగానే గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురెక్కుతుంది. ఎక్కినకొద్దీ రుచి మారి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. మంచి చేప ఒకటి వేలరూపాయల ధర పలుకుతుంది. అదిన్నీ ఏటేటా తగ్గిపోతున్నదని గోదావరివాళ్ళంతా చెప్పుకుంటున్నారు. ఇవన్నీ చెప్పాను. చేప రెండు పేర్లు మార్చుకోవడం ఆ పిల్లకు చాలా నచ్చింది.

"ఎంత దూరం ఎక్కుతుంది?" అన్నది.

"ధవళేశ్వరం దాకా. అక్కడ ఆనకట్ట ఉంది. 1852లో కట్టారు. మా జిల్లాలకు అన్నం పెట్టింది అదే."

"ఆనకట్టకు పైన ఒడ్డున మనుషులున్నారా?"

"ఉన్నారు."

"వాళ్ళకి ఆ చేపను పట్టడం వచ్చా?"

తమ్ముడు తెలుగు చేసి చెప్పి, నా మొహం చూశాడు. నేను జవాబు చెప్పలేదు. నూటడెబ్భై ఏళ్ళు! ఆ పైఒడ్డున ఎవరో తాత ఎవరో మనమరాలికి ఏ మడుగు పేరైనా చెప్పాడా? చెప్పి ఉంటే ఆ పేరేమయింది? ఎమ్మే చదివిన నాకు ఆ ప్రశ్న అంతవరకూ ఎందుకు తోచలేదు? ఆనకట్ట తప్పని నేననను. ఆ అన్నం తినే పెరిగాను. కాని అన్నం పెట్టిన చేతిని తలుచుకుంటాం గాని, దానికోసం ఖాళీ అయిన చేతిని తలుచుకోం.

సెలవు అయిపోయి తిరిగి వచ్చాను. కాలేజీలో మొదటి వారమే ఒక పాత పద్యంలో "ఏతం" వచ్చింది. ఎప్పటిలాగే "బావిలోంచి నీళ్ళు తోడే సాధనము" అని అర్థం చెప్పేసి ముందుకు పోబోయాను. పిల్లలు ఎప్పటిలాగే రాసుకోబోయారు. ఏమనిపించిందో, ఆగి, "మీలో ఏతం చూసినవాళ్ళెవరు?" అన్నాను. అరవైమందిలో ఒక్క చెయ్యి లేవలేదు. ఏతం తొక్కిన మనిషిని చూసినవాళ్ళెవరని అడిగాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు మెల్లిగా లేచి, "మా తాత తొక్కేవాడండీ. చాలా పెద్దవాడు. ఇంట్లోనే ఉన్నాడు" అన్నాడు.

ఆ ఆదివారం క్లాసులో పదిహేనుమందిమి ఆ పల్లెకు వెళ్ళాం. ఏతం లేదు. దూలం ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. బావి మాత్రం ఉంది, చెత్తతో సగం పూడి. తాతను కుర్చీలో కూచోబెట్టి బావి దగ్గరికి మోసుకొచ్చారు. ఏతం ఎల్లా తొక్కేవారు తాతా, అని అడిగితే ఆయన చెప్పలేకపోయాడు. నోటికి మాట రాలేదు. కాని లేపమన్నాడు. ఇద్దరు పిల్లలు రెండు చంకలా పట్టుకున్నారు. ఆయన లేని దూలం మీద ఎడమపాదం పెట్టి, ఒళ్ళు ముందుకు వాల్చి, కుడిపాదం జరిపి, మళ్ళీ వెనక్కి వాలాడు. అల్లా నాలుగైదుసార్లు. పట్టుకున్న పిల్లలిద్దరూ ఆయనతోపాటే ముందుకీ వెనక్కీ ఊగారు. వాళ్ళకు తెలియకుండానే వాళ్ళ పాదాలు కదిలాయి.

ఏతం మళ్ళీ రాదు. వచ్చి మనం చేయగలిగిందీ లేదు. మోటారుండగా ఎవరు తొక్కుతారు, ఎందుకు తొక్కాలి? ఆ సంగతి నాకు తెలుసు. సాల్మను సంగతి వేరు. అది రావచ్చు, ఆ పిల్ల చేతిలో తెడ్లున్నాయి. కాని ఆ ఆదివారం తరవాత మా క్లాసులో ఆ ఇద్దరు పిల్లలకి "ఏతం" అన్న మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. నా దగ్గర రాసుకున్న మిగతా యాభై ఎనిమిదిమంది సంగతే చూడాలి.

మీ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళుంటారు. వారి చేతుల్లో ఏ విద్య ఖాళీగా కూచుని ఉందో ఒకసారి కనుక్కోండి. రాసుకోకండి. పక్కన కూచుని, చేత్తో పట్టుకొని చూడండి. పడవ గుండ్రంగా తిరిగితే తిరగనివ్వండి. మా ఆవిడ నవ్వినంత మాత్రాన నేనేమైనా మునిగిపోయానా?